కాలయంత్రం మా పల్లెలో ఆగదా?

ఈ పుస్తకానికి ఆత్మకథా వ్యాసం రాయమన్నారు. రాయమనగానే అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కిపోయింది. హాస్టల్లో పురుగులన్నం, అమ్మ ఎత్తిన పేడతట్టలు, బడిలో వెనక బెంచీ, నాయన చెప్పులు చేతబట్టుకుని నడిచిన బజారు. ఇవన్నీ నిజాలే. రాయాల్సినవే. ముప్పై ఏళ్ళుగా రాస్తూనే వున్నాం. అయితే ఒక్క మాట అడుగుతున్నా. నిన్న నీకేం జరిగిందని తప్ప, రేపెట్లా వుండాలంటావని దళితుణ్ణి ఎవరన్నా ఎప్పుడన్నా అడిగారా? మా గాయాలకు గిరాకీ వుంది. మా ఊహలకు లేదు.

అందుకే ఈసారి నేను చెప్పే ఆత్మకథ మూడు రోజులది. 2024 జూలైలో ఒక శుక్ర, శని, ఆదివారాలు. సియాటిల్ నగరం అవతల ఒక హోటల్లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సభ. "కారంచేడు, చుండూరు వుండగా ఈడికి గ్రహాంతరవాసులు కావాల్సొచ్చారా" అనేవాళ్ళు అనుకోండి. నేను చెప్పబోయేది కారంచేడు గురించే. చుండూరు గురించే.

మా పెద్దమ్మాయి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. చూడ్డానికి వెళ్తే, "నాన్నా, నువ్వు కథలు రాస్తావుగా, నీకు తప్పకుండా చూపించాలి" అని మూడు రోజుల టిక్కెట్టు కొని తీసుకెళ్ళింది. లోపలికి అడుగుపెడితే ఒకడికి కొమ్ములు, ఒకామెకు నీలం ఒళ్ళు, ఒక ముసలాయనకు ఇనప తల. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆశ్చర్యమేసింది. అక్కడ దండల్లేవు, శాలువాల్లేవు, జ్యోతి ప్రజ్వలన లేదు. గౌరవ అతిథిగా పిలిచిన రచయిత కాఫీ కోసం వరసలో నిలబడ్డాడు. నడిపేవాళ్ళంతా జీతంలేని వాలంటీర్లు. పొద్దున కుర్చీలు మోసినాయనే మధ్యాహ్నం చర్చలో కూర్చుని మాట్లాడాడు. మన సాహిత్య సభల్లో కుర్చీలు వేసే కులం వేరు, కుర్చీల్లో కూర్చునే కులం వేరు. అది గుర్తొచ్చి గొంతులో ఏదో అడ్డుపడింది.

మెడలో వేసుకునే బిళ్ళ ఇచ్చారు. దాని మీద అసలు పేరే వుండాలని లేదు. ఎవరికి నచ్చిన పేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. ఇంటిపేరు అక్కర్లేదు. తండ్రి పేరు అక్కర్లేదు. కుల ధృవీకరణ పత్రం అక్కర్లేదు. మా అమ్మాయి 'బేగంపురా' అని రాయించుకుంది. నేను 'జాంబవంతుడు' అని రాయించుకున్నా. భూమి పుట్టక ఆర్నెల్ల ముందు పుట్టినవాడు మా ఆది జాంబవుడు. నక్షత్రాల గురించి మాట్లాడే సభకు అంతకంటే తగిన పేరేముంటుంది?

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒకాయన వచ్చాడు. నీలం చొక్కా, మొనదేలిన రబ్బరు చెవులు, పైకి గీసిన కనుబొమలు. 'స్టార్ ట్రెక్'లో స్పాక్ వేషం. నా బిళ్ళ చదివి మొహం వెలిగించుకున్నాడు.

"తెలుగువారాండీ? జాంబవంతుడు! భలే పెట్టారు సార్. పురాణాలంటే ఇష్టమా?"

"ఇష్టమే" అన్నా.

"కల్కి చూశారా? మనవాళ్ళు అదరగొట్టేశారు. ఎక్కడండీ మీది?"

"తెనాలి దగ్గర."

"అరె! మాదీ ఆ చుట్టుపక్కలే. సాయంత్రం మనవాళ్ళందరం కలుస్తున్నాం, మీరూ రావాలి." ఫోటో తీసుకున్నాడు. తర్వాత మొదలైంది. "ఊరేదండీ? ఊళ్ళో ఎటువైపు? ఇంటిపేరేంటండీ?" ఇంటిపేరు చెప్పా. ఆయనకు అందులో ఏమీ దొరకలేదు. మా ఇంటిపేరు వాళ్ళు మూణ్ణాలుగు కులాల్లో వున్నారు. ఒక్క నిమిషం తటపటాయించి, గొంతు తగ్గించి అడిగేశాడు.

"మీరేవిట్లండీ?"

"మాదిగలం" అన్నా, గొంతు తగ్గించకుండా.

"అబ్బే, నేను అలాంటివి పట్టించుకోనండీ" అన్నాడు. పట్టించుకోనివాడు ఎందుకడిగాడో స్పాక్‌కే తెలియాలి. సాయంత్రం కలయిక ఎక్కడో మళ్ళీ చెప్పలేదు. ఆదివారం దాకా నాకు ఎదురుపడలేదు.

మిత్రులారా, ఆలోచించండి. స్పాక్ వల్కన్ అనే గ్రహం వాడు. తర్కం తప్ప ఇంకోటి ఒప్పుకోని గ్రహం. వాడి తండ్రి వల్కన్, తల్లి భూలోకపు ఆడమనిషి. మనువు లెక్కలో వాడు వర్ణసంకరం. ఆ వర్ణసంకరపు చెవులు తగిలించుకుని మరీ నా కులం అడిగాడు మనవాడు. సముద్రాలు దాటాడు. వేషంలో గ్రహాలు కూడా దాటాడు. పల్లె బయట గీసిన గీతను మాత్రం దాటలేకపోయాడు.

నేను నవ్వుకుంటూ మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి చెప్పా. అది నవ్వలేదు.

"ఎందుకు చెప్పావు నాన్నా?"

"అడిగాడు, చెప్పాను. దాచుకోడానికి దొంగతనం చేశామా?"

"నువ్వు పదిరోజుల్లో వెళ్ళిపోతావు. నేనిక్కడ వుండాలి. ఆయన ఎవరి స్నేహితుడో, రేపు ఎవరి టీములోకి వస్తాడో నీకేం తెలుసు?" దాని గొంతు వణికింది. "ఇంటికి భోజనానికి పిలిచి వెజ్జా నాన్‌వెజ్జా అని అడుగుతారు చూడు, అది కూర కోసం అడిగేది కాదు నాన్నా. రెండేళ్ళుగా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటున్నా. ఇక్కడికెందుకొస్తానో తెలుసా? ఈ మూడు రోజులూ నా పేరు నేనే పెట్టుకోవచ్చని."

"చట్టం వచ్చింది గదమ్మా" అన్నా. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ఆ వార్త చూసి మేం ఇక్కడ మిఠాయిలు పంచుకున్నాం.

"చట్టం సియాటిల్‌లో వుంది. మా ఆఫీసు సియాటిల్‌లో లేదు" అంది.

నిజమే. కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికీ అట్లాంటి చట్టమే చట్టసభల్లో నెగ్గితే, 2023 అక్టోబరులో గవర్నరు సంతకం పెట్టకుండా తిప్పికొట్టాడు. కులం విమానమెక్కి వచ్చింది. చట్టం ఇంకా వరసలో నిలబడి వుంది. ఉద్యమాల్లో జెండా మోసిన నేను, నా కడుపున పుట్టిన పిల్ల పేరు దాచుకుని బతుకుతోందని అమెరికా వెళ్ళి తెలుసుకున్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టక 1991లోకి వెళ్ళా. అప్పుడు నేను తెనాలిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో పదో తరగతి. జూలై 18న 'ఆదిత్య 369' విడుదలైంది. సింగీతం శ్రీనివాసరావు తీసిన సినిమా. హాస్టలు గోడ దూకి నేల టిక్కెట్టుకు వెళ్ళాం. కాలయంత్రం 1526లో కృష్ణదేవరాయల రాజ్యంలో దిగింది. తెనాలి రామకృష్ణుడు కనపడగానే తెనాలి హాలు దద్దరిల్లింది. నేనూ ఈలేశా. బయటికొచ్చాక మా గదిలో ఒకడు అడిగాడు. "ఒరే, ఆ మిషన్ మనమెక్కితే ఎక్కడ దిగుతాం?" అందరం నవ్వాం. రాయలవారి కాలంలో మేం దిగితే రాజసభలో దిగుతామా? కోట బయట, చచ్చిన గొడ్డు దగ్గర దిగుతాం. భువనవిజయంలో పద్యం వినేవాళ్ళం కాదు. ఆ గుర్రాల జీన్లు కుట్టేవాళ్ళం.

ఆ సినిమా వచ్చి ఇరవై రోజులు కాలేదు. ఆగస్టు 6న తెనాలికి కూతవేటు దూరంలో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పారేశారు. ప్రాణాలరచేతబట్టుకుని పారిపోయి వచ్చినవాళ్ళు తెనాలిలో తలదాచుకున్నారు. కాలయంత్రం ఎందుకు? చుండూరు మెయిన్‌రోడ్డు మీద నిలబడితే చాలు, మనుధర్మ కాలంలోకి దిగిపోయినట్టే. తర్వాత ఆ వూళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి జనం పోరాడారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చంపినవాళ్ళెవరూ లేరు, చచ్చినవాళ్ళు మాత్రం ఎనిమిది మంది. దీన్ని మించిన కల్పిత సాహిత్యం ఏ సైన్స్ ఫిక్షన్ వాడు రాయగలడు?

గతాన్ని రాజసభగా చూపించినవాళ్ళు భవిష్యత్తునేం చేశారు? 2024 జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. దాదాపు 900 ఏళ్ళు ముందుకెళ్ళారు. వెళ్ళి అక్కడ ఏం కనుక్కున్నారు? అశ్వత్థామ. కాశీ. కురుక్షేత్రం. కొత్త వాహనాలు, పాత పురాణం. కల్కి ఎందుకు పుడతాడో పురాణంలోనే రాసి వుంది. వర్ణధర్మం చెడిపోవడం కలియుగ లక్షణమట. దాన్ని చక్కబెట్టడానికి శంబల గ్రామంలో విష్ణుయశుడనే బ్రాహ్మడి ఇంట్లో పుడతాడట. అంటే మా అమ్మాయి ఉద్యోగం చెయ్యడం కలి లక్షణం. దాన్ని సరిచెయ్యడానికి వచ్చేవాడు మన రేపటి వీరుడు! ఆ సినిమాలో ఆకాశంలో వేలాడే పెద్ద మహల్లాంటి కాంప్లెక్సు వుంది. నాకొక్కటే సందేహం. అందులో మరుగుదొడ్లు ఎవరు కడుగుతున్నారు? పాకీ పని వద్దని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం చేసుకున్న దేశం మనది. అయినా మనుషులు మురిక్కాలవల్లో దిగి చస్తూనే వున్నారు. 2898లోనన్నా ఆ కాలవలో ఎవరు దిగుతారో చెప్పని భవిష్యత్తు నాకెందుకు?

శనివారం అమ్మాయి మాట్లాడలేదు. ఒక్కణ్ణే చర్చలు వింటూ తిరిగా. తెల్లవాళ్ళ ఈ లోకం మొదట్నుంచీ ఇంత దయగా లేదని అక్కడ తెలిసింది. 1939లో న్యూయార్కులో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగింది. రెండొందల మంది వచ్చారు. ఆ మొదటి సభలోనే ఎడమవైపు మాట్లాడతారనే భయంతో ఆరుగుర్ని గుమ్మంలోనే ఆపేశారు. పుట్టుకలోనే వెలి. 1950లలో ఆ అభిమానుల పత్రికల్లో కార్ల్ బ్రాండన్ అనే నల్లజాతి కుర్రాడు గొప్పగా రాసేవాడు. అందరూ మెచ్చుకున్నారు. చివరికి తేలిందేమంటే అట్లాంటి మనిషే లేడు. తెల్ల కుర్రాళ్ళు సరదాకి సృష్టించిన పేరది. వేరే గ్రహాల వాళ్ళని అన్ని రంగుల్లో ఊహించినవాళ్ళు తమ మధ్య నల్లవాణ్ణి కూడా ఊహించుకోవాల్సొచ్చింది, వున్నవాణ్ణి రానివ్వలేదు గనక. 1968లో పుస్తకంగా వచ్చిన శామ్యూల్ డెలానీ నవల 'నోవా'ను పత్రికలో వేయడానికి పేరుమోసిన సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ ఒప్పుకోలేదు. కథానాయకుడు నల్లవాడు, పాఠకులు ఒప్పుకోరన్నాడు. కథలో నక్షత్రాలు పేలొచ్చు. నల్లవాడు కథానాయకుడు కాకూడదు!

అయితే వాళ్ళు వూరుకోలేదు. అదీ మనం నేర్చుకోవాల్సింది. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కాని మిగతావాళ్ళు రాసే సైన్స్ ఫిక్షన్ కోసం 1999లో ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి ఆ దొంగపేరే పెట్టుకున్నారు, కార్ల్ బ్రాండన్ సొసైటీ అని. ఎగతాళిని జెండాగా ఎత్తారు. మనం దళితకవితకు ఎత్తినట్టే. 2015లో మితవాదులు గుంపుకట్టి, ప్రతిభకు కాకుండా రంగుకు బహుమతులిస్తున్నారని హ్యూగో అవార్డుల మీద పడ్డారు. ఈ మాట ఎక్కడో విన్నట్టుంది కదూ? 1990లో మండల్‌కు వ్యతిరేకంగా బూట్లు పాలిష్ చేసినవాళ్ళు చెప్పిన మెరిట్టు ముచ్చటే. ఓటర్లు ఐదు విభాగాల్లో ఎవరికీ అవార్డివ్వకుండా వాళ్ళకు బుద్ధి చెప్పారు. తర్వాత 2016, 2017, 2018 వరసగా మూడేళ్ళు ఉత్తమ నవల బహుమతి ఎన్.కె. జెమిసిన్ అనే నల్లజాతి స్త్రీకి వచ్చింది. వరసగా మూడుసార్లు అంతకుముందు ఎవరికీ రాలేదు. 2019లో డబ్లిన్ సభలో కాంప్‌బెల్ పేరుతో ఇచ్చే బహుమతి అందుకున్న జెనెట్ ఎంగ్, అదే వేదిక మీద ఆయన్ని ఫాసిస్టని కడిగేసింది. నెల తిరక్కుండా ఆ బహుమతి పేరే మారిపోయింది. మన విగ్రహాల మీద ఇట్లా మాట్లాడితే పేరు మారేది బహుమతికి కాదు, మాట్లాడినవాడి చిరునామాకు.

అంబేద్కర్ 1946లో ఉత్తరం రాసిన డుబాయిస్ వున్నాడే, ఆయన కూడా 1920లో ఒక సైన్స్ ఫిక్షన్ కథ రాశాడు. పేరు 'ది కామెట్'. తోకచుక్క వచ్చి న్యూయార్కు అంతా చచ్చిపోతుంది. ఒక నల్లవాడు, ఒక తెల్లమ్మాయి మిగులుతారు. లోకం పోయాక గాని వాళ్ళిద్దరూ ఒకర్నొకరు మనుషులుగా చూసుకోలేరు. ఇంతలో ఆమె వాళ్ళు బతికే వున్నారని తెలుస్తుంది, రంగు మళ్ళీ తిరిగొస్తుంది. మన దగ్గర ఆ కాస్త వ్యవధి కూడా లేదు. 2004 డిసెంబరు 26న తమిళనాడు తీరాన్ని సునామీ ముంచింది. అందరి ఇళ్ళనూ ఒకే నీరు తాకింది. సాయం పంచే దగ్గర మాత్రం దళితుల్ని వేరే నిలబెట్టారు. ప్రళయం వచ్చినా కులం కొట్టుకుపోదు. అది మన దేశం ప్రత్యేకత.

ఆదివారం ఆక్టేవియా బట్లర్ మీద చర్చ. ఆమె చివరి ఏళ్ళు అక్కడికి దగ్గర్లోనే, లేక్ ఫారెస్ట్ పార్కులో బతికింది. 2006లో చనిపోయింది. తల్లి తెల్లవాళ్ళిళ్ళల్లో పనిమనిషి. కూతుర్ని వెంటబెట్టుకుని వెనక గుమ్మంలోంచి పనికి పోయేది. ఆ మాట వినగానే మా అమ్మ కళ్ళముందుకొచ్చింది. ఎన్ని దొడ్డిగుమ్మాలు, ఎన్ని దూరం నుంచి పోసిన నీళ్ళు! ఆ దొడ్డిగుమ్మపు పిల్లే 1979లో 'కిండ్రెడ్' రాసింది. అందులో కాలప్రయాణం చేసేది నల్లజాతి స్త్రీ. ఆమెను కాలం రాజసభలో దింపలేదు. బానిసల తోటలో దింపింది. తెనాలి హాస్టల్లో మావాడు అడిగిన ప్రశ్నకు జవాబు మేం పుట్టిన రోజుల్లోనే అమెరికాలో అచ్చయి వుంది! 1993లో రాసిన ఇంకో నవలలో కథ 2024 జూలైలో మొదలవుతుంది. సరిగ్గా మేం కూర్చున్న నెల. అందులో పదిహేనేళ్ళ నల్లపిల్ల కాలిపోతున్న కాలిఫోర్నియాలో జనాన్ని కూడగట్టి నక్షత్రాల దాకా పోవాలంటుంది.

చర్చలో ఒకరు 'ఫస్ట్ కాంటాక్ట్' గురించి మాట్లాడారు. వేరే లోకపు జీవుల్ని మనిషి మొదటిసారి కలవడం. అందరూ ఆ రోజు కోసం ఎదురుచూస్తున్నారు. నేను చెయ్యెత్తా. నా ఇంగ్లీషు సభకు చాలదు. తెలుగులో మొదలుపెట్టా. వెనక నుంచి మా అమ్మాయి లేచి నిలబడింది. నిన్నట్నుంచి మాట్లాడని పిల్ల, ఒక్కో వాక్యమే ఇంగ్లీషులో చెప్పింది.

"కాంటాక్ట్ అంటే తాకడం. మీరు వేరే గ్రహం వాళ్ళని తాకాలనుకుంటున్నారు. మా వూళ్ళో పక్క వీధి వాళ్ళు నన్ను తాకితే స్నానం చేసేవాళ్ళు. కార్ల్ సాగన్ 'కాంటాక్ట్' నవల వచ్చింది 1985లో. అదే ఏడాది జూలై 17న కారంచేడులో, తాగేనీళ్ళ చెరువు పాడు చెయ్యొద్దన్నందుకు ఆరుగురు మాదిగల్ని చంపారు. నేను మాదిగవాణ్ణి. మమ్మల్ని కలవకుండా మా దేశం నక్షత్రాలకు పోతే అక్కడేం చేస్తుంది? అక్కడా వూరికి దూరంగా ఒక పల్లె కడుతుంది."

నేను 'నేను మాదిగవాణ్ణి' అన్నా. అది ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'మేము' అంది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చు.

ఇక మనవాళ్ళతో ఒక మాట. కడుపు నిండినవాడికే ఊహలు అంటారు మీరు. అబద్ధం. పదిహేను, పదహారు శతాబ్దాల్లో చెప్పులు కుట్టిన రవిదాసు బేగంపురా అనే నగరాన్ని ఊహించాడు. దుఃఖం లేదు, పన్నుల్లేవు, ఎవరెక్కడ తిరిగినా అడ్డేవాడు లేడు. కాశీ పక్కన కూర్చుని కాశీ కాని నగరం కట్టాడు. జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుళ్ళోకి రానివ్వని దళితుడు గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపాడు. అంతకంటే చవకైన, సాహసమైన అంతరిక్ష నౌకను ఎవరన్నా కట్టారా? మా చిందోళ్ళు జాంబపురాణం ఆడితే సృష్టికి ముందున్న శూన్యం నుంచి మొదలుపెడతారు. వీళ్ళెవరికి కడుపు నిండిందని?

రాజ్యాంగం 17వ అధికరణం చదవండి. అంటరానితనం రద్దయిందని రాసి వుంది. 1950 నుంచీ రాసి వుంది. అట్లాంటి దేశం ఇంకా పుట్టలేదు. పుట్టని దేశానికి ముందే చట్టం రాసిపెట్టినవాడు అంబేద్కర్. మన భవిష్యత్ సాహిత్యంలో అదే అన్నిటికంటే పెద్ద పుస్తకం.

రోహిత్ వేములను మర్చిపోయారా? సాగన్‌లాగా సైన్సు రచయిత కావాలనుకున్నానని చివరి ఉత్తరంలో రాశాడు. నక్షత్రాలంటే ప్రేమన్నాడు. హాస్టల్లోంచి గెంటేస్తే మిత్రులతో కలిసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో వేసుకున్న గుడారానికి వెలివాడ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న చచ్చిపోయాడు. మనం అతని కులం గురించి కొట్లాడాం, హక్కుల గురించి కొట్లాడాం. కొట్లాడాల్సిందే. కానీ అతను రాయాలనుకుని రాయలేకపోయిన పుస్తకాల సంగతేంటి? వెలివాడలో కూర్చుని నక్షత్రాల్ని చూసినవాడి బాకీ ఎవరు తీర్చాలి?

తీర్చేవాళ్ళు లేకపోలేదు. భారతదేశం నుంచి సైన్స్ ఫిక్షన్ రచయితల్లో మొదట హ్యూగో నామినేషన్ దాకా, 2018లో, వెళ్ళింది మిమి మండల్ అనే దళిత స్త్రీ. అదీ ఆక్టేవియా బట్లర్ మీద కూర్చిన పుస్తకంతోనే. తెలుగులో ఆ వరసలో ఎవరున్నారు? విద్యార్థులారా, మిమ్మల్నే అడుగుతున్నా. నిన్నటి గురించి రాయడం మానమని కాదు. రేపటిని మాత్రం అశ్వత్థామలకు వదిలెయ్యకండి.

నేనొక కథ మొదలుపెట్టా. అందులో కాలయంత్రం రాయలసభకు పోదు. 1991 ఆగస్టు 6 పొద్దున చుండూరు పొలాల గట్టున ఆగుతుంది. తర్వాతేం జరుగుతుందో ఇంకా తేల్చుకోలేదు. యంత్రం కొలతలు మాత్రం తేల్చా. ఎనిమిది మంది ఎక్కడానికి చోటుండాలి.